మీరేం చేస్తుంటారని కాంటనీస్‌లో మర్యాదగా అడగడం ఎలా?

ప్రశ్న: మాది రాజమండ్రి. మావారి ఉద్యోగం వల్ల హాంకాంగ్ వచ్చి ఏడాదిన్నర దాటింది. తుంగ్ చుంగ్‌లో ఉంటున్నాం. బాబును ఇక్కడి వాళ్ల భాష అయిన కాంటనీస్‌లో చెప్పే కిండర్‌గార్టెన్‌లో వేశాం. వాడితో పాటు నేనూ ఫోన్‌లో యాప్ పెట్టుకుని నేర్చుకుంటున్నాను. మొన్న స్కూలు గేటు దగ్గర బాబు క్లాస్‌మేట్ వాళ్లమ్మతో మాట కలుపుదామనిపించింది. మీరేం చేస్తుంటారు అని అడగబోయి ‘నెయ్ చోవ్ మే ఆ?’ అన్నాను. ఆవిడ బిత్తరపోయి ఓ అడుగు వెనక్కి వేసి, ‘ఏమైంది?’ అని ఇంగ్లిషులో అడిగారు. తర్వాత మా బిల్డింగ్‌లో రోజూ పలకరించే పెద్దాయనను యాప్‌లో ఉన్నట్టే ‘నెయ్ కె చిక్ యీప్ హై మత్ యె?’ అని అడిగితే ఆయన పెద్దగా నవ్వేశారు. ఇప్పుడు నోరు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా వాళ్ల ఉద్యోగం గురించి ఎలా అడగాలి? ఇంకో సంగతి. వాళ్లు తిరిగి నన్నే అడిగితే ఏం చెప్పాలి? అక్కడ టీచర్‌గా చేసేదాన్ని, ఇక్కడ ఇంట్లోనే ఉంటున్నాను.
(ఒక సోదరి, తుంగ్ చుంగ్, హాంకాంగ్)

సమాధానం: అమ్మా, ముందుగా మీ మనసులోని బరువు దించేస్తాను. ఆ రెండు వాక్యాల్లోనూ వ్యాకరణం తప్పు లేదు. మాటలు సరైనవే, సందర్భమే కుదరలేదు. ‘నెయ్ చోవ్ మే ఆ?’ అంటే అక్షరాలా ‘నువ్వు ఏం చేస్తావు’ అనే. కానీ అక్కడి వాళ్లు ఆ మాటను వాడేది వేరే చోట. పిల్లాడు గోడ మీద గీతలు గీస్తుంటే వాళ్లమ్మ అరిచేది అదే మాట. రైల్లో ఎవరైనా మరీ మీదకు వచ్చి నిలబడితే తిరిగి చూసి అనేదీ అదే. స్నేహితురాలు ముఖం వేలాడేసుకుని కూర్చుంటే ‘ఏంటే, ఏమైంది నీకు?’ అని అడగడానికీ అదే వాడతారు. మీ బాబు క్లాస్‌మేట్ వాళ్లమ్మకు మీ ప్రశ్న ‘ఏం చేస్తున్నావ్ నువ్వు?’ అన్నట్టు వినబడింది. తను చేసిన తప్పేమిటా అని కంగారు పడి వెనక్కి జరిగారు, అంతే. కోపం కాదు.

రెండో వాక్యం సంగతి వేరు. ‘చిక్ యీప్’ అనేది ఫారాల్లో ఉండే మాట. బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడు, ఇమిగ్రేషన్ కాగితం నింపేటప్పుడు కనిపిస్తుంది. మన పక్కింటాయన లిఫ్టులో మనల్ని చూసి ‘మీ వృత్తి ఏమిటి?’ అంటే మనకూ నవ్వొస్తుంది కదా. ఆయన నవ్విందీ అందుకే. పరాయి దేశం మనిషి ఫారంలోని ప్రశ్నను అంత శ్రద్ధగా అడుగుతుంటే ముచ్చటేసి ఉంటుంది. ఆయనతో ఇంకా మాట్లాడొచ్చు, భయపడకండి.

ఇక అసలు వాక్యం. మీకు కావలసింది ఇది:

‘ఛింగ్ మన్, నెయ్ చోవ్ పీన్ హాంగ్ కా?’

‘ఛింగ్ మన్’ అంటే ‘కాస్త అడగొచ్చా’ అన్నట్టు. ‘పీన్ హాంగ్’ అంటే ‘ఏ లైను’. మన దగ్గరా పెద్దవాళ్లు ‘మీది ఏ లైను బాబూ?’ అంటారు చూడండి, సరిగ్గా అదే. ఉద్యోగం పేరు, కంపెనీ, హోదా ఏవీ అడగడం లేదు. బ్యాంకు లైనా, కట్టడం పనుల లైనా, హోటల్ లైనా అని మాత్రమే అడుగుతున్నారు. చెప్పేవాళ్లకు ఎంత చెప్పాలనిపిస్తే అంత చెప్పే వీలుంటుంది. బ్యాంకులో పెద్ద మేనేజరైనా, అదే బ్యాంకులో కౌంటర్లో కూర్చునేవారైనా ‘చోవ్ ఙన్ హాంగ్’ అనేసి ఊరుకోవచ్చు. బ్యాంకులో చేస్తాను అని, అంతే. తన స్థాయి బయట పెట్టనక్కర్లేదు, దాచినట్టూ ఉండదు. నా దృష్టిలో ఈ ప్రశ్నలోని మర్యాద అంతా ఇక్కడే ఉంది. కొత్తవాళ్లను అడిగేటప్పుడు వాళ్లకు తప్పుకునే దారి ఇవ్వాలి. ఆ దారి ‘హాంగ్’ అనే మాటలోనే ఉంది.

ఈ హాంగ్ అన్న మాటకు అక్కడ గౌరవం కూడా ఎక్కువే. లోకంలో మూడు వందల అరవై హాంగ్‌లు, ప్రతి హాంగ్‌లోనూ ఒక ఫస్టు ర్యాంకరు పుడతాడు అని చైనీయుల సామెత. ఆ ఫస్టు ర్యాంకు పాతకాలం రాజాస్థానం పరీక్షల్లో మొదటివాడికి ఇచ్చే బిరుదు. చెప్పులు కుట్టినా వంట చేసినా ఆ లైనులో మేటి కావచ్చు అని అర్థం. అందుకే ‘నీది ఏ హాంగ్’ అని అడగడంలో ఎక్కువ తక్కువల వాసన రాదు.

ఉచ్చారణ గురించి ఒక మాట. యాప్‌లో ఇంగ్లిషు అక్షరాలు చూసి చదివితే దారి తప్పుతారు. కాంటనీస్‌ను ఇంగ్లిషు అక్షరాల్లో రాయడానికి జ్యూత్‌పింగ్ అనే పద్ధతి ఉంది, హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం వాళ్లు 1993లో తెచ్చారు. అందులో ఇంగ్లిషు బి అని రాసి ఉన్నది నిజానికి మన ‘ప’. జి అని రాసి ఉంటే మన ‘క’, డి అని ఉంటే మన ‘త’. పి, కె, టి అని ఉంటే వాటి వొత్తు అక్షరాలు. ఇంగ్లిషు వాళ్లు ఈ తేడా పట్టుకోవడానికి తిప్పలు పడతారు. మనకు చిన్నప్పుడే గుణింతాలతో వచ్చేసింది. జడ్ అని ఉన్నచోట మన ‘చుక్క, చలి’లో పలికే చ వస్తుంది, ‘చెట్టు’లో చ కాదు. నేను ఇక్కడ రాసిన ‘చోవ్’, ‘చొ’, ‘చె’ అన్నీ అలాగే అనండి. ‘నేను’ అనడానికి ‘ఙొ’ అంటారు. బడిలో దిద్దించి ఆ తర్వాత మనతో ఎన్నడూ రాయించని ఙ అక్షరం, మొదటి పదంలోనే పనికొస్తుంది. ఇప్పటి కుర్రకారు చాలామంది ఆ ఙ మింగేసి ఉత్త ‘ఒ’ అంటారు. ‘నెయ్’ని ‘లెయ్’ అంటారు. వింటే కంగారు పడొద్దు, రెండూ ఒకటే. మీరు మాత్రం ఙ, న పలకండి, పెద్దవాళ్లకు చెవికింపుగా ఉంటుంది.

కాంటనీస్‌లో స్వరాలు, అంటే మాట అర్థాన్నే మార్చేసే గొంతు ఎత్తుపల్లాలు, ఆరు. అవన్నీ ఉత్తరంలో నేర్పలేను కానీ, మన వాళ్లందరూ చేసే పొరపాటు ఒకటి చెప్పి తీరాలి. తెలుగులో ప్రశ్న అడిగితే చివర గొంతు పైకి లేస్తుంది. ‘వచ్చారా?’ అన్నప్పుడు ఆ ‘రా’ ఎక్కడికి పోతుందో ఒకసారి అని చూడండి. కాంటనీస్‌లో గొంతు లేపితే మాటే మారిపోయే ప్రమాదం ఉంది. ఇంటిపేరు అడిగే ‘క్వై సింగ్’లో ‘క్వై’ మధ్యస్థాయిలో నిలకడగా పలకాలి. గొంతు పైకి తీసుకెళ్తే అది దెయ్యం అవుతుంది. ప్రశ్న అని తెలిపే పని చివరనున్న ‘ఆ’, ‘కా’లు చూసుకుంటాయి. మీరు వాటిని మధ్యస్థాయిలో, నిదానంగా వదిలేయండి. ‘హాంగ్’ మాత్రం కిందికి జారుతుంది, ఊపిరి విడిచినట్టుగా.

ఆ చివరి ‘కా’ను తీసేయకండి. తీసేస్తే వాక్యం మొండిగా తయారవుతుంది, పోలీసు స్టేషన్‌లో అడిగినట్టు. ‘ఏం చేస్తారు’కీ ‘ఏం చేస్తుంటారండీ’కీ మధ్య ఎంత దూరమో అంత.

ఇప్పుడు తెలుగువాళ్లందరికీ వచ్చే సందేహానికి వస్తాను. ‘నెయ్’ అంటే నువ్వా, మీరా? రెండూ అదే. మాట్లాడే కాంటనీస్‌లో ‘మీరు’కు వేరే మాట వాడరు. పసిపిల్లాడికీ నెయ్, ఎనభై ఏళ్ల తాతగారికీ నెయ్. మొదట్లో మనకు నాలుక తిరగదు, పెద్దాయనను ఏకవచనంలో పిలిచినట్టు అనిపించి లోపల ఏదోలా ఉంటుంది. కానీ వాళ్లు మర్యాదను పిలుపులో పెట్టుకున్నారు. అందుకే ఉద్యోగం కంటే ముందు ఇంటిపేరు తెలుసుకోవాలి. ‘క్వై సింగ్ ఆ?’ అంటే మీ గౌరవనీయమైన ఇంటిపేరేమిటి అని. ఆయన ‘సీవ్ సింగ్ ఛన్’ అంటారు. నా చిన్న ఇంటిపేరు ఛన్ అని. అడిగేవాళ్లు పెంచి అడగాలి, చెప్పేవాళ్లు తగ్గించి చెప్పాలి, అదీ పద్ధతి. అక్కడి నుంచి ఆయన మీకు ‘ఛన్ సాంగ్’, అంటే ఛన్ గారు. ఆడవాళ్లయితే ‘ఛన్ సీవ్ చె’. పెళ్లయిందని, భర్త ఇంటిపేరు అదేనని తెలిస్తేనే ‘ఛన్ థాయ్’ అనాలి. ఆఫీసుల్లో చాలామంది ఆడవాళ్లు తమ పుట్టింటి పేరుతోనే చలామణి అవుతారు, కాబట్టి తెలియనప్పుడు ‘సీవ్ చె’ అనడమే నయం. ఎలా పిలవాలో బొత్తిగా తోచకపోతే ‘తీమ్ ఛింగ్ ఫూ ఆ?’ అని వాళ్లనే అడిగేయండి, మిమ్మల్ని ఎలా పిలవమంటారు అని. ఎవరూ తప్పు పట్టరు.

మీ ఇంటిపేరు వాళ్లు అడిగితే మొత్తం చెప్పాలని పట్టుబట్టకండి. మన ఇంటిపేర్లలో అక్షరాలు ఎక్కువ, వాళ్లవి దాదాపుగా ఒక్క అక్షరమే. మీ పేరులో పలకడానికి సులువుగా ఉన్న ముక్క ఒకటి ఇవ్వండి, రావు, దేవి, లక్ష్మి, ఏదైనా.

స్కూలు గేటు దగ్గర మాత్రం ఈ ఇంటిపేర్ల గొడవ కూడా అక్కర్లేదు. అక్కడ అమ్మలు ఒకరినొకరు పిల్లల పేర్లతో పిలుచుకుంటారు. జేసన్ వాళ్లమ్మ ‘జేసన్ మామి’. మన పండుగాడి వాళ్లమ్మ, చిన్ని వాళ్లమ్మ లాగే. మీ బాబు పేరు చివర మామి తగిలిస్తే అదే మీ పేరు. ఆ పిలుపుతో మొదలుపెడితే సగం బిడియం పోతుంది. ఒక సంగతి గమనించుకోండి. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లలో ఫిలిప్పీన్స్, ఇండోనేసియా నుంచి వచ్చి ఆ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు కూడా చాలామంది ఉంటారు. పిల్లలు వాళ్లను ‘చె చె’ అంటారు, అక్కా అని. వాళ్లను ‘ఏ లైను’ అని అడగడం బాగుండదు, పని కళ్ల ముందే ఉంది. పేరడగండి, ఊరడగండి. పిల్లాడి గురించి అడగండి, కడుపు నిండా మాట్లాడతారు.

పని కళ్ల ముందు కనిపించే మనుషుల విషయంలో ఎప్పుడూ ఇదే పద్ధతి. బిల్డింగ్ కాపలా ఆయన, టాక్సీ డ్రైవరు, గ్యాస్ బాగు చేసేందుకు వచ్చిన మెకానిక్. వీళ్లను ‘కమ్ యత్ మాంగ్ మ్ మాంగ్ ఆ?’ అని పలకరించండి. ఇవాళ పని ఎక్కువగా ఉందా అని. లేదా ‘చోవ్ చొ హోవ్ నోయ్ లా?’, చాలాకాలంగా చేస్తున్నారా అని. చేతి పని తెలిసిన మగవాళ్లను ‘సీ ఫూ’ అంటే సంతోషిస్తారు. మన మేస్త్రీ, గురువు కలిసిన పిలుపు అది. కొట్టు ఆయనైతే ‘లోవ్ పాన్’. ఈ మాటలు మలేసియాలోనూ నడుస్తాయి. కౌలాలంపూర్‌లో చైనీయుల మధ్య కాంటనీస్ బాగా వాడకంలో ఉంది కాబట్టి అక్కడి మన తెలుగువాళ్లకూ పనికొస్తాయి.

మీ బిల్డింగ్ పెద్దాయన దగ్గరకు వద్దాం. నాకు ఈ ఉత్తరంలో బాగా నచ్చిన మనిషి ఆయనే. మళ్లీ లిఫ్టు దగ్గర కనిపిస్తే ఇలా నడపండి.

‘చోవ్ సన్, ఛన్ సాంగ్.’ శుభోదయం అని.
‘చోవ్ సన్.’
‘మ్ హోవ్ యీ సీ, ఛన్ సాంగ్ చోవ్ పీన్ హాంగ్ కా?’

ఇక్కడ ‘నెయ్’ తీసేసి ఆయన పేరే పెట్టాను చూడండి. ‘ఛన్ గారు ఏ లైనులో ఉంటారండీ’ అన్నట్టు వినిపిస్తుంది. పెద్దవాళ్ల దగ్గర ‘నెయ్’ అనడం మీకు ఇబ్బందిగా ఉంటే ఈ దారి వాడుకోండి, వాళ్లకూ వినసొంపుగానే ఉంటుంది. ‘మ్ హోవ్ యీ సీ’ అంటే క్షమించాలి, మొహమాటంగా ఉంది అని. కొందరు ఇక్కడ ‘మ్ కోయ్’ వాడేస్తుంటారు. అది ఎవరైనా మనకు పని చేసి పెట్టినప్పుడు, చేసి పెట్టమన్నప్పుడు అనే మాట. ఇక్కడ నప్పదు.

ఆయన ‘థోయ్ చొ యౌ లా’ అంటారనుకుందాం. రిటైరయ్యాను అని. చాలామంది ఇక్కడే ‘ఓహో’ అని ఆగిపోతారు. ఆగకండి. రెండే రెండు మాటలు అనండి: ‘యీ ఛీన్ నె?’ మరి ఇంతకు ముందు?

ఈ చిన్న ప్రశ్నకు హాంకాంగ్ పెద్దవాళ్ల దగ్గర ఎంత కథ ఉంటుందో చెప్పలేను. ఇప్పుడు బ్యాంకులు, షాపింగ్ మాల్స్ కనబడుతున్న ఆ ఊరు, 1950ల నుంచి 1980ల దాకా ఫ్యాక్టరీల ఊరు. బట్టలు, ప్లాస్టిక్ బొమ్మలు, విగ్గులు, గడియారాలు, రేడియోలు అన్నీ అక్కడ తయారై అమెరికాకూ యూరప్‌కూ ఓడలెక్కేవి. క్వున్ తాంగ్, ఛూన్ వాన్, సన్ పో కాంగ్ లాంటి చోట్ల అంతస్తు మీద అంతస్తుగా ఫ్యాక్టరీలు ఉండేవి. ఇప్పటి డెబ్బై, ఎనభై ఏళ్ల వాళ్లలో ఎంతోమంది పన్నెండు, పదమూడేళ్లకే పనిలోకి వెళ్లినవాళ్లు. ఆడవాళ్లయితే ‘ఛె యీ’ అంటారు, బట్టలు కుట్టేదాన్ని అని. కొందరు ‘కావ్ ఫా’ అంటారు, ప్లాస్టిక్ పూలు. సాయంత్రం ఇంటికి బస్తాలతో తెచ్చుకుని, పిల్లలతో సహా నేల మీద కూర్చుని రేకులకు కాడలు గుచ్చేవాళ్లు. ఇన్ని గుచ్చితే ఇంత అని కూలి. తర్వాతి కాలంలో ఆసియాలోనే పెద్ద ధనవంతుల్లో ఒకరైన లీ కా షింగ్ 1950లో మొదలుపెట్టింది కూడా ప్లాస్టిక్ ఫ్యాక్టరీయే, పేరు తెచ్చిపెట్టింది ఆ పూలే. 1978 తర్వాత చైనా తలుపులు తెరవడంతో ఫ్యాక్టరీలు ఒకటొకటిగా సరిహద్దు దాటి షెన్‌జెన్, తుంగ్ కువాన్ వైపు వెళ్లిపోయాయి. కుట్టుపనివాళ్లు హోటళ్లలోకి, కాపలా పనుల్లోకి, ఊడ్చే పనుల్లోకి మారారు. ఒకే మనిషి నోట మూడు, నాలుగు హాంగ్‌లు వినబడతాయి. మీ పెద్దాయన చెప్పేది సగం అర్థం కాకపోయినా నిలబడి వినండి. మధ్యలో ‘సన్ ఫూ సాయ్’ అనండి, ఎంత కష్టపడ్డారో అని. ఆ మాట ఆయనకు అందుతుంది.

ఏ వయసు వాళ్లయినా సరే, ఎదుటివాళ్లు తమ పనిని తగ్గించి చెబితే ఆ మాట పట్టుకుని నిజమనుకోకండి. ‘తా ఫన్ కుంగ్ చె’ అంటారు, ఏదో ఒకరి దగ్గర పనిచేసుకుంటున్నా అని. ‘సీవ్ సాంగ్ యీ చె’ అంటారు, చిన్న వ్యాపారం అని. ఆ చిన్న వ్యాపారం నాలుగు అంతస్తుల హోటల్ అయి ఉండొచ్చు. చివరి ‘చె’ అంతా చేస్తుంది, పెద్దదాన్ని చిన్నది చేసి చూపిస్తుంది. మీరు ‘ఎక్కడ? ఏ కంపెనీ? ఎంతమంది పనివాళ్లు?’ అని లాగకండి. ‘చోవ్ చింగ్ ఫూ కుంగ్’, అంటే గవర్నమెంటు ఉద్యోగం అని ఊరుకుంటే ఏ శాఖ అని అడక్కండి. చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు. వాళ్ల పని మీకు అర్థం కాని రకం అయితే అక్కడి వాళ్లు ఒక సామెత అంటారు: ‘కాక్ హాంగ్ యూ కాక్ సాన్.’ లైను వేరైతే మధ్యలో కొండ ఉన్నట్టే అని. నవ్వుతూ అనండి, మీ నోట విన్నవాళ్లు ఆశ్చర్యపోతారు, అప్పుడు వాళ్లే విడమరిచి చెబుతారు.

‘యన్ కుంగ్’ అంటే జీతం. ఆ మాట నేర్చుకోండి కానీ ప్రశ్నలో వాడకండి. మన వైపు రైల్లో ఎదురు సీటు ఆయన ‘ఎంత వస్తుంది బాబూ’ అని అడిగినా పెద్దగా పట్టించుకోం. హాంకాంగ్‌లో కొత్తవాళ్లు అడిగితే చాలా చికాకు పడతారు. అక్కడా చైనా కొత్త సంవత్సరానికి చుట్టపు పెద్దమ్మలు అడుగుతూనే ఉంటారు, కుర్రవాళ్లు తప్పించుకు తిరుగుతూనే ఉంటారు. అది చుట్టాలకు చెల్లుతుంది, మనకు చెల్లదు.

ఇంకోటి కాస్త గట్టిగానే చెబుతాను. ఆడవాళ్లతో మాట కలిపేటప్పుడు ‘మీవారు ఏం చేస్తుంటారు?’ అని మొదలుపెట్టే అలవాటు మనకుంది. అక్కడ అది వద్దు. ఆవిడ గురించి అడగకుండా ఆవిడ భర్త గురించి అడిగితే, మీరు లెక్కలో లేరన్నట్టు ఉంటుంది. నిజానికి మన దగ్గర కూడా అలాగే ఉంటుంది, మనం బయటికి అనం అంతే. ఆవిడనే అడగండి. భర్త సంగతి అవసరమైతే ఆవిడే తెస్తారు.

మీవారి ఆఫీసు విందులకు, పెళ్లిళ్లకు వెళ్తే ఇంకో రకం మాట వినబడొచ్చు: ‘చోవ్ సింగ్ హాంగ్ ఆ?’ ఏ వర్ధిల్లే లైనులో ఉన్నారు అని పెంచి అడగడం. పన్నెండు మంది కూర్చునే గుండ్రటి బల్ల దగ్గర, పక్క కుర్చీ పెద్దాయన టీ పోస్తూ మిమ్మల్ని అడగొచ్చు. ‘హై పీన్ తోవ్ కోవ్ చౌ ఆ?’ అని కూడా అంటారు, ఏ గొప్ప చోట ఉద్యోగం అని. రెండూ పెద్ద తరం మాటలు. మీరు అర్థం చేసుకుంటే చాలు, వాడి తీరాలని లేదు. వాడితే మాత్రం బల్లంతా మీ వైపు తిరుగుతుంది. వ్యాపార సమావేశాల్లో ఈ బాధ అంతా ఉండదు. ముందు విజిటింగ్ కార్డులు మారతాయి, రెండు చేతులతో ఇచ్చి రెండు చేతులతో తీసుకుంటారు. తీసుకున్నాక ఒకసారి చదివి బల్ల మీద పెట్టుకోండి, వెంటనే పర్సులో తోసేయకండి.

కుర్రవాళ్లు తమలో తాము ‘లోవ్ పీన్ హాంగ్ ఆ?’ అనుకుంటారు. అందులో ‘లోవ్’ అనేది దేవుకు తినడం లాంటి మోటు మాట. స్నేహం ముదిరాక సరదాగా ఉంటుంది. మీరిప్పుడే దాని జోలికి వెళ్లొద్దు.

ఇంగ్లిషుతో సరిపెట్టుకోవచ్చు కదా అని ఎవరైనా మీతో అంటారు. 2021 జనాభా లెక్కల్లో మామూలుగా మాట్లాడేది కాంటనీసే అని చెప్పినవాళ్లు నూటికి 88 మంది. ఆఫీసులో ఇంగ్లిషు చాలు. లిఫ్టులో, బజారులో, స్కూలు గేటు దగ్గర మనుషులు దగ్గరయ్యేది వాళ్ల మాటలోనే. మీరు పట్టిన దారి మంచిది, వదలకండి.

ఇక మీ రెండో ప్రశ్న. తిరిగి అడిగితే ఏం చెప్పాలి? తప్పకుండా అడుగుతారు. ‘నెయ్ నె?’ అని రెండే మాటల్లో వస్తుంది. నా సలహా ఏమిటంటే వాళ్లు అడిగేదాకా ఆగకండి. మీది ముందు చెప్పి, వాళ్లది తర్వాత అడగండి. మనం మన సంగతి ముందు బయట పెడితే, మన ప్రశ్న కూపీ లాగినట్టు ఉండదు. జేసన్ మామి లాంటి ఆవిడ దగ్గర ఇలా అనండి:

‘ఙొ యీ ఛీన్ హై లోవ్ సీ, యీ కా ఛౌ చై. నెయ్ నె? నెయ్ చోవ్ పీన్ హాంగ్ కా?’

నేను ఇదివరకు టీచర్ని, ఇప్పుడు పిల్లాణ్ని చూసుకుంటున్నాను, మరి మీరు అని. ‘ఛౌ చై’ అనేది అక్కడి అమ్మల నోట రోజూ ఆడే మాట, పిల్లల్ని పెంచే పని అంతా అందులో ఉంది. ‘ఛూన్ చిక్ మామి’ అని కూడా అనొచ్చు, ఫుల్‌టైమ్ అమ్మను అని. ‘ఖాళీగా ఉన్నాను’ అనకండి, ఏ భాషలోనూ. మీరు ఖాళీగా లేరు. రోజంతా పిల్లాణ్ని సాకుతూ, ఆరు స్వరాల భాషను ఫోన్‌లో నేర్చుకుంటున్న మనిషి మీరు. పైగా ‘లోవ్ సీ’ అన్న మాటకు చైనీయుల దగ్గర ఉన్న మర్యాద మన గురువుకు ఉన్న మర్యాదకు ఏమీ తీసిపోదు. అది విన్నాక వాళ్లే ఏం చెప్పేవారు, ఏ క్లాసులకు చెప్పేవారు అని అడుగుతారు. లెక్కలైతే ‘సోవ్ హాక్’, ఇంగ్లిషైతే ‘యింగ్ మన్’, సైన్సైతే ‘ఫొ హాక్’. మీ సబ్జెక్టు పేరు ఒక్కటి ఇవాళే నేర్చి పెట్టుకోండి. పిల్లల చదువుల గురించి హాంకాంగ్ అమ్మలకు ఉండే ఆరాటం మీకు తెలిసే ఉంటుంది. మీరు టీచర్ అని తెలిశాక హోంవర్కు గురించి వాళ్లే మీ దగ్గరకు వస్తారు.